సింహగిరికి ఒక వచనం

సింహగిరీ! విజయనగరం వైపు నుంచి వచ్చే రైలు పెందుర్తి దాటగానే ఎడమ పక్క కిటికీల దగ్గర కదలిక మొదలవుతుంది. నిద్రపోతున్న పిల్లల్ని తట్టి లేపుతారు. మాట మధ్యలో ఆపేసి చేతులు జోడిస్తారు. కొందరు చెంపలు వేసుకుంటారు. ఒకరికొకరు ఏమీ కాని మనుషులు ఆ కాసేపు ఒకే వైపు తిరుగుతారు. వాళ్లకి గుడి కనిపించదు, గోపురం కనిపించదు. పచ్చటి నీ వీపు కనిపిస్తుంది, దాని మీద వాలిన మబ్బు కనిపిస్తుంది. దర్శనమైపోయిందని మళ్లీ సర్దుకుని కూర్చుంటారు.

వేటకి వెళ్లిన జాలరి నిన్ను ఇంకో దిక్కు నుంచి చూస్తాడు. పడవ లోపలికి పోయేకొద్దీ ఒడ్డు సన్నబడుతుంది, ఇళ్లు కలిసిపోతాయి, రేవులో క్రేన్లు కనుమరుగవుతాయి. కొండల వరస మాత్రం నీలంగా నిలబడి ఉంటుంది. ఏ కొండ ఏ కొండ పక్కకి జరిగిందో చూసుకుని వల ఎక్కడ వేయాలో, ఇంటికి ఏ వైపు తిరగాలో తేల్చుకుంటాడు. ఆ లెక్క అతనికి తండ్రి నేర్పాడు, తండ్రికి తాత నేర్పాడు. రైల్లోవాళ్లకి నువ్వు మొక్కు. పడవలోవాడికి నువ్వు దిక్కు.

నువ్వేమీ ఆకాశాన్ని తాకవు. గుడి ఉన్న చోటు సముద్ర మట్టానికి సుమారు 800 అడుగులు. ఇదే తూర్పు కనుమల వరసలో, అరకు దారిలో, నిన్ను తలెత్తి చూడమనే కొండలు ఎన్నో ఉన్నాయి. ఆ కొండల పేర్లు అడిగితే చెప్పగలిగేవాళ్లు కొద్దిమంది. నగరానికి దక్షిణాన యారాడ కొండ సముద్రంలోకి చొచ్చుకుపోయి రేవుకి కాపు కాస్తోంది. 1933లో రేవు తెరిచిన నాటి నుంచీ లోపలికి వచ్చే ప్రతి ఓడా దాని పక్క నుంచే రావాలి. కైలాసగిరి మీద పార్కు ఉంది, రోప్‌వే ఉంది, సాయంత్రం పూట గట్టు మీద కూర్చుంటే తీరమంతా వంపు తిరిగి కనిపిస్తుంది. అక్కడ కూర్చోవడం నాకూ ఇష్టమే. కానీ అక్కడ చూపంతా నీళ్ల మీదే ఉంటుంది, కొండ కాళ్ల కింద ఉన్న సంగతి గుర్తుండదు. నీ దగ్గరికి వచ్చేవాడు నగరాన్ని పైనుంచి చూడటానికి రాడు. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఊరు కనిపిస్తుంది, మేడలు, చెరువులు, విమానాశ్రయపు వెలుతురు కనిపిస్తాయి. చూసి, బాగుందనుకుని, పైకి వెళ్లిపోతాడు.

నీ గుడి గట్ల మధ్య ఒదిగి ఉంది. నరసింహస్వామి పడమటి ముఖంగా నిలబడ్డాడు. తూర్పున అంత సముద్రం ఉంది, రోజూ అంత సూర్యోదయం ఉంది. దేశంలో ఎన్నో గుళ్లు తూర్పు చూస్తాయి. నువ్వు మాత్రం నీ దేవుణ్ని సముద్రానికి వీపు పెట్టి నిలబెట్టావు. పడమటి ముఖం విజయాన్నిస్తుందని పెద్దలంటారు, ఉండవచ్చు. నాకైతే స్థలపురాణం గుర్తొస్తుంది. హిరణ్యకశిపుడు కన్నకొడుకుని ఏనుగులతో తొక్కించి, పాములతో కరిపించి, విషం పెట్టించి, చివరికి సముద్రంలోకి తోయించాడు. తోయించి ఊరుకోలేదు, పిల్లవాడు మళ్లీ తేలకుండా పైన ఒక కొండని పెట్టించాడు. ఆ కొండవి నువ్వే. పిలుపు విన్న స్వామి ఒక్క దూకు దూకి, నిన్ను పక్కకి లేపి, నీళ్లలోంచి పిల్లవాణ్ని తీశాడు. ఆ తొందరలో ఆయన పాదాలు భూమిలోకి దిగబడిపోయాయట. అందుకే ఇవాళ్టికీ ఆ పాదాలు ఎవరికీ కనిపించవు.

సముద్రం వైపు వీపు పెట్టి నిలబడటమంటే పిల్లవాడికీ నీళ్లకీ మధ్య నిలబడటమే కదా! ఆ పడమటి ముఖంలో నాకు కనిపించేది అదే. ఇక ఆ కథలో నీ సంగతి. నిన్ను ఆయుధంగా తెచ్చారు. పసివాడి గుండె మీద పెట్టే బరువుగా తెచ్చారు. చంపడానికి తెచ్చిన కొండ ఆ పిల్లవాడు మొక్కే చోటయింది. కీడు చెయ్యడానికి వాడుకున్నారని నిన్నెవరూ తప్పు పట్టలేదు. ఇంత ఉదారంగా ఒక కొండని క్షమించిన పురాణం ఇంకొకటి నేను వినలేదు.

నీ రాయి కథ కూడా ఈ కథే చెబుతుంది. ఇది నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. భూవిజ్ఞానులు నీ ఒంటిని ఖోండలైట్ అంటారు. ఈ కనుమల్లో తరతరాలుగా బతుకుతున్న కోందు జనం పేరు ఆ రాయికి పెట్టారు. అది పుట్టుకతో రాయి కాదు. ఒకప్పుడు అది నీళ్ల అడుగున పేరుకున్న బంకమట్టి. దాని మీద పొర మీద పొర పడింది, ఖండాలు ఒకదాన్నొకటి నెట్టుకున్నాయి, ఆ మట్టి భూమి లోపల కిలోమీటర్ల లోతుకి దిగబడింది. అక్కడ, కుమ్మరి ఆవంలో కుండ కాలినట్టు, సుమారు వంద కోట్ల ఏళ్ల కిందట అది కాలి గట్టిపడింది. కాలేటప్పుడు దానిలో గార్నెట్ గింజలు ఎర్రగా పుట్టాయి. తర్వాత పైనున్న బరువంతా వాన చేత, గాలి చేత తరిగిపోయి, అడుగున ఉన్నది వెలుతురులోకి లేచింది. నీళ్ల అడుగున పడి, నెత్తిన కొండంత బరువు మోసి, చావకుండా పైకి వచ్చిన ఆ పిల్లవాడి కథ నీ ఒంట్లోనే ఉంది. స్థలపురాణం చెప్పినవాళ్లకి ఈ రాళ్ల శాస్త్రం తెలియదు. తెలియకుండానే నీ పుట్టుకని అంత సరిగ్గా ఎలా పట్టుకున్నారో!

పైకి లేచిన నువ్వు మళ్లీ నీళ్లకే ఇస్తున్నావు. ప్రతి వానకీ నీ ఎర్రమట్టి గెడ్డల్లో కలిసి దిగుతుంది. మట్టి తేలిపోతుంది, ఆకు కుళ్లిపోతుంది, గార్నెట్ గింజ మాత్రం కరగదు. అది దొర్లి దొర్లి తీరం చేరుతుంది. విశాఖ తీరమంతటా, భీమిలి దాకా, అల వెనక్కి తగ్గినప్పుడు తడి ఇసుక మీద ఎర్రగా, నల్లగా చారలు కనిపిస్తాయి. ఆ ఎరుపు తూర్పు కనుమలది, అందులో నీ వంతూ ఉంది. రామకృష్ణా బీచ్‌లో ఇసుక గూళ్లు కడుతున్న పిల్లల అరచేతులకి అంటుకునేది కొండ. వాళ్ల అమ్మలు దులిపేది కొండ. ఊళ్లోని ఇళ్లలో, చెప్పుల సందుల్లో, తుడిచినకొద్దీ వచ్చే ఆ గరుకులో కాస్త నువ్వు ఉన్నావు.

నీ నీళ్లు వేరే దారిలో దిగుతాయి. గంగధార రాళ్ల సందు నుంచి చల్లగా వచ్చి మొక్కుకున్నవాళ్ల నెత్తిన పడుతుంది. తలనీలాలు ఇచ్చి వచ్చిన చిన్న పిల్లవాడు ఆ ధార కింద కేరుమంటాడు, తండ్రి నవ్వుతూ వాణ్ని గట్టిగా పట్టుకుంటాడు. ఊరి వైపు మాధవధార ఉంది. ఆ పేరు ఇప్పుడు ఒక పెద్ద కాలనీకి పేరు. నీ తూర్పు పాదం దగ్గర ముడసర్లోవ చెరువు ఉంది, విశాఖపట్నం తాగిన తొలి కుళాయి నీళ్లలో దాని వంతు ఉంది. దేవుడి సంగతి నమ్మనివాడు కూడా ఆ నీళ్లు తాగే పెరిగాడు.

నీ చెట్ల గురించి చెప్పకుండా ముందుకు పోలేను. మెట్ల దారిన ఎక్కుతుంటే, కనబడకముందే వాసన వచ్చేది సంపెంగ. సింహాచలం సంపెంగ అంటే ఈ ప్రాంతంలో ఇంకేమీ చెప్పనక్కర్లేదు. బుట్టల్లో, ఆకుపొట్లాల్లో, కట్టిన దండల్లో అది కొండ దిగుతుంది. అది తలలో పెట్టుకున్న ఆడమనిషి సిటీ బస్సు ఎక్కిందంటే ఎక్కడి నుంచి వస్తోందో బస్సంతటికీ తెలిసిపోతుంది. ఆ తర్వాత అనాస. వాలు మీద, పనస చెట్ల నీడన, ముళ్ల ఆకుల మధ్య పెరిగే చిన్న కాయ. చెక్కు తీసి, ముక్కలు కోసి, ఉప్పూ కారం చల్లి చేతికిస్తారు. నాలుక చురుక్కుమంటుంది, ఇంకో ముక్క అడుగుతుంది. జీడిమామిడి, పనస, మామిడి, చింత, అన్నీ నీ మీద ఉన్నాయి. వాటి వెనక కంబాలకొండ అడవి ఉంది. అంత పెద్ద నగరం పక్కనే, రాత్రిళ్లు చిరుత తిరిగేంత అడవి ఇంకా మిగిలి ఉందంటే అది నీ వరస చలవే.

స్వామి నిజరూపం ఏడాదికి ఒక్క రోజే. వైశాఖంలో అక్షయ తృతీయ నాడు ఒంటి మీది చందనాన్ని తీస్తారు. తీసినప్పుడు కనిపించేది వరాహ ముఖం, మనిషి ఒళ్లు, సింహపు తోక, మూడు వంపుల నిలుపు. ఆ ఒక్క రోజు దర్శనం కోసం జనం ముందు రోజు రాత్రి నుంచే వరసల్లో ఉంటారు. సాయంత్రానికి గంగధార నుంచి వెయ్యి కలశాల నీళ్లు తెచ్చి అభిషేకం చేసి, మళ్లీ చందనం పూస్తారు. ఒక్కసారే పూసెయ్యరు. అక్షయ తృతీయకి మూడు మణుగులు, వైశాఖ పౌర్ణమికి మూడు, జ్యేష్ఠ పౌర్ణమికి మూడు, ఆషాఢ పౌర్ణమికి మూడు. విడతకి సుమారు 125 కిలోలు. ముందు రోజుల నుంచే రాతి సానల మీద చెక్కలు అరగదీస్తూ ఉంటారు. మిగతా ఏడాదంతా జనం చూసేది ఆ చందనపు ముద్దనే, కళ్లూ ముక్కూ లేని, లింగంలా కనిపించే ఆ ఆకారాన్నే. ఉగ్రమంతా లోపల ఉంటుంది, చల్లదనం బయట ఉంటుంది. నీ సంగతీ అంతే కదా, సింహగిరీ! లోపల కాలిన రాయి, పైన సంపెంగ.

రాజులు వచ్చారు, వెళ్లారు. 11వ శతాబ్దం చివర, కులోత్తుంగ చోళుడి కాలం నాటి శాసనం నీ గుడిలో ఉంది. కోణార్కలో సూర్యుడికి గుడి కట్టించిన గాంగ నరసింహదేవుడి పేరుతోనే, 13వ శతాబ్దంలో నీ గుడి ఇప్పటి రూపానికి వచ్చింది. కళ్యాణ మంటపంలో 96 స్తంభాలు, దేనికదే ఒక శిల్పం. 1516లో కళింగ దండయాత్ర మీద వచ్చిన శ్రీకృష్ణదేవరాయలు తాను ఓడిస్తున్న గజపతుల గుళ్లోకి భక్తుడై వచ్చాడు. నగలిచ్చాడు, శాసనం వేయించాడు. ఆ ఇద్దరు రాజుల వైరం నీ గుమ్మం దాటి లోపలికి రాలేదు. నీ శాసనాల్లో నాకు ఇష్టమైనవి మాత్రం రాజులవి కావు. ఎవరో ఒక దీపానికి నెయ్యి రాసిచ్చారు, ఎవరో పూలతోట ఇచ్చారు. ఆ దీపాలు ఆరిపోయాయి, ఆ తోటల ఎల్లలు చెరిగిపోయాయి. ఇచ్చినట్టు రాతి మీద అక్షరం ఉంది.

ఒక మనిషిని మాత్రం పేరుతో తలుచుకోవాలి. కాకతీయుల కాలపు కృష్ణమాచార్యుడు. పద్యమే రాజ్యమేలుతున్న రోజుల్లో, యతి ప్రాసలు పక్కన పెట్టి, నోటికి వచ్చిన మాటలోని ఊపునే లయ చేసుకుని, ఆయన నీ నరహరికి వచనాలు చెప్పాడు. సింహగిరి వచనాలంటే అవే. ఆయన తర్వాత వందేళ్లకి పైగా గడిచి అన్నమయ్య వచ్చాడు. ఆయన తాళ్లపాక వంశం వాళ్లే కృష్ణమాచార్యుణ్ని గౌరవంగా స్మరించారు. ఇవాళ తెలుగులో ఎవరైనా ఛందస్సు లేకుండా మాటల్ని పాటకి దగ్గరగా నడిపిస్తున్నారంటే, తెలిసో తెలియకో, నీ మెట్ల మీద పుట్టిన దారిలోనే నడుస్తున్నారు. నేను నీకు చెప్పుకుంటున్న ఈ మాటలు కూడా ఆ అప్పులోవే.

18వ శతాబ్దంలో గోగులపాటి కూర్మనాథ కవి వచ్చి నీ దేవుణ్ని తిట్టాడు. శత్రుసైన్యం కొండ మీదికి వస్తుంటే ఏం చేస్తున్నావయ్యా, నీ సింహపు గోళ్లు ఏమయ్యాయని పద్యం మీద పద్యం నిలదీశాడు. అదే సింహాద్రి నారసింహ శతకం. పద్యాలు నడుస్తుండగా కొండలోంచి తుమ్మెదల దండు లేచి ఆ సైన్యాన్ని తరిమేసిందని చెప్పుకుంటారు. ఒకడు బతిమాలితే విన్నావు, ఒకడు తిడితే కూడా విన్నావు. తిట్టేంత చనువు ఇచ్చిన కొండ మీదే అలాంటి శతకం పుడుతుంది.

ఆ చనువు మనుషుల పేర్లలో తెలుస్తుంది. నీ స్వామిని జనం అప్పన్న అంటారు. శ్రీకాకుళం నుంచి తుని దాకా ఏ ఊరి బడిలోనైనా హాజరు పిలిస్తే సగం కొండ పలికేది. అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలనరసయ్య, అప్పలకొండ, అప్పయ్యమ్మ, అప్పలమ్మ, సింహాద్రి, సింహాచలం. ఇందులో సింహాచలం మగవాడూ కావచ్చు, ఆడమనిషీ కావచ్చు. నాగలి పట్టినవాడు, నావ నడిపినవాడు, జూట్ మిల్లులో పనిచేసినవాడు, రేవులో బస్తాలు మోసినవాడు, ఉక్కు కర్మాగారంలో కొలిమి ముందు నిలబడినవాడు, అందరూ నీ పేరుతోనే జీతం పుస్తకంలో సంతకం పెట్టారు. పొట్టకూటికి రంగూన్ పడవ ఎక్కినవాళ్లలోనూ అప్పన్నలున్నారు. ఇప్పుడు హైదరాబాద్‌లో మేడలు కడుతున్న ఉత్తరాంధ్ర కూలీల్లోనూ ఉన్నారు. ఈ తరం తల్లిదండ్రులు పిల్లలకి పేరు పెట్టేటప్పుడు ఆ పేర్లు పాతవైపోయాయని అనుకుంటున్నారు. ఆ పేర్లు తగ్గిపోవడం నాకు బాధగా ఉంది. ఒక కొండని మనిషి నోట రోజుకి ఇన్నిసార్లు పిలిచే ప్రాంతం ఇంకెక్కడ ఉంటుంది?

ఇక నీ చుట్టూ ఏటా జరిగే నడక, గిరి ప్రదక్షిణ. నిన్ను అసలు చూడవలసింది ఆ రోజే.

ఆషాఢ శుద్ధ చతుర్దశి మధ్యాహ్నం. మెట్ల మొదట, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయల నీళ్లతో నేల తడిసి ముద్దయిపోతుంది. ఒకటి పగిలిన చప్పుడు వినిపించేలోపు ఇంకో పది పగులుతాయి. పూలరథం కదులుతుంది, గోవింద నామం ఎత్తుకుంటారు, జనం కదులుతారు. 32 కిలోమీటర్లు. నువ్వు కుడిచేతి వైపు ఉంటావు, నడిచేవాళ్లు నీ చుట్టూ తిరుగుతారు. లక్షల మంది, ఎక్కువమంది చెప్పులు లేకుండా. విజయనగరం పల్లెల నుంచి నెత్తిన మూటలతో వచ్చినవాళ్లు, అనకాపల్లి నుంచి జట్టుగా వచ్చిన కుర్రాళ్లు, ఆఫీసుకి సెలవు పెట్టి వచ్చిన ఉద్యోగులు, భుజం మీద పిల్లని ఎక్కించుకున్న తండ్రులు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్న ముసలి దంపతులు.

అడవివరం, ముడసర్లోవ దాటేదాకా నువ్వు దగ్గరగా ఉంటావు. చెట్ల వాసన, చెరువు మీది గాలి, వానాకాలపు బురద. అక్కడ నడక ఉత్సాహంగా ఉంటుంది, మాటలు గట్టిగా ఉంటాయి. హనుమంతవాక చేరేసరికి హైవే వస్తుంది, దీపాలు వెలుగుతాయి, పాదాలు తమ సంగతి చెప్పడం మొదలుపెడతాయి. దారంతా ఇళ్లవాళ్లు బల్లలు వేసుకుని నిలబడి ఉంటారు. మజ్జిగ, పులిహోర, అరటిపళ్లు, బెల్లం పానకం. తీసుకోండమ్మా, ఒక్క గ్లాసు తాగి వెళ్లండి బాబూ అని చేతులు చాచి బతిమాలుతారు. పెట్టేవాళ్లు తీసుకునేవాళ్లకి దండం పెడతారు. ఏడాదంతా గేట్లు వేసుకుని, ఎదురింటివాళ్లతో మాట్లాడని వీధులు ఆ రాత్రి తలుపులు తీసుకుని కూర్చుంటాయి. ఎవరో అపరిచితురాలి వాచిన కాలికి ఇంకో అపరిచితురాలు నొప్పి మందు రాస్తుంది. కులం అడగదు, ఊరు అడగదు. ఇంకెంత దూరం వెళ్లాలమ్మా అని అడుగుతుంది, అంతే.

జోడుగుళ్లపాలెం దగ్గర సముద్రం వస్తుంది. చీకట్లో అలల చప్పుడు ముందు వినిపిస్తుంది. నడిచి నడిచి వేడెక్కిన పాదాలు ఉప్పునీళ్లలోకి దిగుతాయి. ఆడవాళ్లు చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని మోకాలి లోతుకి వెళ్తారు, కుర్రాళ్లు మునుగుతారు, ముసలివాళ్లు దోసెడు నీళ్లు నెత్తిన చల్లుకుంటారు. కాళ్ల కింద ఇసుక జారుతుంది. ఆ ఇసుకలో నీ ఎర్ర గింజలున్నాయి. కొండ చుట్టూ తిరగడానికి బయలుదేరినవాళ్లు కొండకి ఇంత దూరం వచ్చి సముద్రంలో ఎందుకు మునగాలి? ఈ ప్రదక్షిణకి దారి గీసినవాళ్లెవరో గానీ, వాళ్లకి నీ హద్దు ఎక్కడుందో తెలుసు. నీ పాదం అడవివరంలో మొదలై అల దాకా ఉందని వాళ్లు గీసి చూపించారు. పటంలో కొండ ఎక్కడో ఆగిపోయి ఉండవచ్చు. నడిచేవాళ్ల లెక్కలో సముద్రం కూడా కొండలోనిదే, మధ్యలో ఉన్న ఊరంతా కొండలోనిదే.

ఆ తర్వాత రాత్రి పొడుగవుతుంది. అప్పూఘర్, వెంకోజీపాలెం, ఇసుకతోట, సీతమ్మధార. బట్టల దుకాణాల బోర్డుల కింద, ఆసుపత్రుల ముందు, సినిమా పోస్టర్ల పక్క నుంచి జనం నడుస్తూనే ఉంటారు. ఇక్కడ నువ్వు కనిపించవు. మేడలు అడ్డం. కనిపించకపోయినా కుడిచేతి వైపే ఉన్నావని అందరికీ తెలుసు. మాటలు తగ్గిపోతాయి. ఎక్కడో ఒక జట్టు భజన ఎత్తుకుంటుంది, రెండు చరణాలు నడిచి అది కూడా ఆగిపోతుంది. మాధవధార దాటి ఎన్.ఏ.డి. కూడలి చేరేసరికి కాలు తీసి కాలు వెయ్యడం ఒక మొక్కు అవుతుంది. గోపాలపట్నం మలుపులో తెల్లవారుజామున, ఇళ్ల సందులోంచి, నల్లగా నువ్వు మళ్లీ కనిపిస్తావు. ఎవరో గోవిందా అంటారు. వెనక నుంచి వేల గొంతులు అందుకుంటాయి. అంతసేపూ ఆ గొంతులు ఎక్కడ దాగి ఉన్నాయో!

పౌర్ణమి పొద్దున వాళ్లు మెట్లెక్కి వరసలో నిలబడే వేళకి లోపల స్వామికి నాలుగో విడత చందనం పడి ఉంటుంది. బయట లక్షల పాదాలు కందిపోయి ఉంటాయి.

నీకు దెబ్బలు తగలని కాలం లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఒక్క పగటి పూటలో నీ ఒళ్లు వలిచేసింది. పెద్ద చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి, నిలబడినవాటికి ఆకు లేదు. వారం తిరిగేసరికి నువ్వు మాడిన గోధుమరంగులో ఉన్నావు. నగరంలో కరెంటు లేదు, నీళ్లు లేవు, ఫోన్లు లేవు. అయినా జనం డాబాల మీదికెక్కి నీ వైపు చూసి కళ్లు తుడుచుకున్నారు. తర్వాతి వానలకి మొండి కొమ్మల్లోంచి చిగుళ్లు వచ్చాయి. తుపాను కొట్టిన దెబ్బ చిగురిస్తుంది. యంత్రం కొట్టిన దెబ్బ చిగురించదు. ఈ నగరం చుట్టూ కొండ తర్వాత కొండ తొలిచి, ఎర్రటి కోతలు పెట్టి, ప్లాట్లు వేస్తున్నారు. వంద కోట్ల ఏళ్ల రాయి కంకరై లారీలు ఎక్కుతోంది. రాత్రంతా నీ చుట్టూ నడిచినవాడే పగలు ఇంకో కొండ పాదం కొట్టించి ఇల్లు కడితే అది ఏ రకం భక్తి? ఇది కోపంతోనే అడుగుతున్నాను. కూర్మనాథ కవి నిన్ను నిలదీశాడు, నేను నీ భక్తుల్ని నిలదీస్తున్నాను.

పొగిడినవాడు చివర కోరిక అడగడం మనలో ఆనవాయితీ. నేనూ అడుగుతాను, విను.

గంగధార వేసవిలో కూడా ఆగకుండా ఉండాలి. ముడసర్లోవ ప్రతి వానకీ నిండాలి. నీ వాలు మీద అనాస పండించేవాడికి బుట్టకి తగిన ధర రావాలి, బేరమాడే చేతులు కాస్త మెత్తబడాలి. చిరుత నీ అడవిలోనే ఉండాలి, ఊళ్లోకి రావలసిన అవసరం దానికి రాకూడదు. మిగిలిన కొండలకి నీ పేరు చెప్పుకుని బతికే యోగం ఇవ్వు, మా పటాల్లో వాటిని ఖాళీ స్థలాలుగా రాసుకునే చేతుల్ని ఆపు. వేటకి వెళ్లిన పడవకి మంచు పట్టిన పొద్దున కూడా నీ నీలం కనిపించాలి. పుట్టబోయే పిల్లల్లో ఒక్కరికైనా అప్పలకొండ అని పేరు పెట్టే ధైర్యం ఎవరికైనా ఇవ్వు. ఇక, ఈ ఏడు నీ చుట్టూ బయలుదేరి, మోకాళ్లు సహకరించక హనుమంతవాక దగ్గర అరుగుల మీద కూర్చుండిపోయిన వాళ్లందరి చేతా, వచ్చే ఆషాఢానికి, గోపాలపట్నం మలుపు దాటించు.